లంబసింగి ఘాట్‌లో నేను బాకీ పడ్డ వంద రూపాయలు

పోయిన ఏడాది డిసెంబర్‌లో హైదరాబాద్ నుంచి నలుగురు ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని మా ఊరు వచ్చాను. మా ఊరంటే నర్సీపట్నం. నిజానికి వాళ్లు వచ్చింది మా ఊరు చూడ్డానికి కాదు. ‘ఆంధ్రా కశ్మీర్’ అంటూ రీల్స్‌లో తెగ తిరిగే లంబసింగి కోసం. తెల్లవారుజామున మూడింటికి లేచి, రెండు బైకులూ ఒక స్కూటీ మీద ఘాట్ ఎక్కాం. చెరువులవేనం దగ్గర మబ్బులు కాళ్ల కింద ఉంటాయి కదా, అక్కడే టెంట్ వేయాలని ప్లాన్.

టెంట్, వాటర్ క్యాన్లు, పొయ్యి, బిర్యానీ గిన్నె... కిందికి దిగి చూసుకుంటే సామాను కొండంత ఉంది. బైకులు ఆగిపోయిన చోట ఒక పెద్దాయన చలిమంట కాచుకుంటున్నాడు. పైదాకా మోసిపెడతావా అని అడిగితే మూడు వందలన్నాడు. మా గ్యాంగ్‌లో బేరాలాడటంలో డిగ్రీ చేసినవాడు ఒకడున్నాడు. ‘‘రెండొందలు ఇస్తాం, వస్తే రా, లేకపోతే మేమే మోసుకుంటాం’’ అన్నాడు. ఆయన ఓ నిమిషం మంటకేసి చూసి, తలపాగా చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. క్యాన్లు కావిడికి కట్టాడు. మేం ఫోన్లు పట్టుకుని వెనకాల నడిచాం.

పైకెళ్లాక రెండొందలూ ఇచ్చాం. ఆయన లెక్కపెట్టుకోలేదు. మేం మాత్రం వంద మిగిల్చామని సంబరపడ్డాం. ఆ వందతో కిందికొచ్చాక టీలు తాగాం.

ఈ కథ నేను మా తాతయ్యకి గొప్పగా చెప్పాను. ఆయన నవ్వలేదు.

తాతయ్య లెక్క

మా తాతయ్య లారీ డ్రైవర్. ముప్పై ఏళ్లు ఆ ఘాట్‌లోనే తిరిగాడు. పైనుంచి చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు, పసుపు, తర్వాత తర్వాత కాఫీ గింజలు కిందికి తెచ్చేవాడు. కిందనుంచి ఉప్పు, కిరసనాయిలు, బియ్యం, సిమెంటు పైకి తీసుకెళ్లేవాడు. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయి వీధరుగు మీద కూర్చుంటాడు. కానీ ఏ మలుపులో ఏ గేరు వేయాలో ఇప్పటికీ చెప్తాడు.

‘‘ఒరే, ఆ రోడ్డు మీద కూలి తగ్గించినోడు ఏటైనాడో నీకు తెల్దా?’’ అన్నాడు.

తెలీదన్నాను.

‘‘సినిమా సూత్తారు. సెల్లు సూత్తారు. రోడ్డెవుడేసినాడో మాత్రం సూడరు’’ అని లోపలికి వెళ్లిపోయాడు.

అదుగో, అక్కడ తగిలింది నాకు. అల్లూరి సీతారామరాజు అంటే కృష్ణగారి సినిమా తెలుసు. ఆ 1974 సినిమా షూటింగ్ చాలావరకు చింతపల్లి అడవుల్లోనే జరిగిందని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత ఆర్ఆర్ఆర్ తెలుసు. కానీ నేను బైకు మీద ఎక్కిన రోడ్డుకీ, ఆ తిరుగుబాటుకీ సంబంధం ఏమిటో తెలీదు. ఆ వారమంతా చదివాను, తాతయ్యని విసిగించాను, మళ్లీ ఒకసారి ఆ దారంతా వెళ్లాను. అప్పుడు అర్థమైంది ఒక్కటే. మన్యం పోరాటంలో తుపాకులు, బాణాలు ఎంత ఉన్నాయో, మోతబరువు కూడా అంతే ఉంది. సామాను ఎవరు మోయాలి, ఎంత కూలికి మోయాలి, ఎవరికోసం మోయాలి అన్నదే అసలు గొడవ.

రైలు ఆగిన చోటు నుంచి

మా ఊరి మ్యాప్ ఒకసారి చూడండి. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే రైలు లైను సముద్రం పక్కగా పోతుంది. దాని మీద ‘నర్సీపట్నం రోడ్’ అని స్టేషనుంది. పేరు చూసి అక్కడ దిగితే మోసపోతారు. ఊరు అక్కణ్నుంచి ఇంకా చాలా దూరం లోపలికి ఉంది. స్టేషన్ పేరులోనే ‘రోడ్’ అని పెట్టారంటే అర్థం అదే మరి. ఇక్కడ దిగు, మిగతాది రోడ్డు మీద చూసుకో అని.

రైలు తెచ్చిన సామాను అక్కడ బండెక్కుతుంది. బండి నర్సీపట్నం దాకా వస్తుంది. నర్సీపట్నం దాటాక కొంతసేపటికి కొండ మొదలవుతుంది. అందుకే మా ఊరు ఎప్పుడూ ఒక గుమ్మంలాంటిది. కింద మైదానం, పైన మన్యం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ గీత కాగితం మీద కూడా పడింది. మేం అనకాపల్లి జిల్లాలో మిగిలాం, పైనున్న లంబసింగి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి.

వందేళ్ల కిందట గుమ్మం ఇంకా ఇరుకు. పైకి సరైన రోడ్డు లేదు. గాడిబాటలు, కాలిబాటలు. సర్కారు దొరలు క్యాంపుకి బయల్దేరితే వాళ్ల పెట్టెలు, గుడారాలు, వంటసామాను మోయడం కొండవాళ్ల నెత్తిన పడేది. కూలి ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. దీన్నే వెట్టి అంటారు. పైగా 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం అడవికి హద్దులు గీసింది. కొండవాళ్లు తరతరాలుగా చేసుకుంటున్న పోడు వ్యవసాయం నేరమైపోయింది. కట్టె కొట్టినా కేసే, పశువుని మేపినా కేసే. తినడానికి పోడు లేదు, చేసిన పనికి కూలి లేదు. ఇక బతికేదెలా?

బాస్టియన్ రోడ్డు

అప్పట్లో గూడెం ప్రాంతానికి డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియన్ అనే అధికారి ఉండేవాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు కొండ మీదికి రోడ్డు వేయించే పని అతని చేతుల్లోకి వచ్చింది. పని చేయాల్సింది కొండవాళ్లు. కొండని తవ్వాలి, రాయి కొట్టాలి, మట్టి మోయాలి. ఇవ్వాల్సిన కూలి ఇవ్వకుండా, ఎదురు తిరిగినవాళ్లని కొట్టించి మరీ పని చేయించాడని చరిత్ర చెబుతోంది. ఏ అధికారికైనా అది మామూలు విషయమే అనుకుని ఉంటాడు. ఎవరు అడుగుతారు?

అడిగారు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. గంటందొరది బట్టిపనుకుల. ఆయన మునసబు పదవి పోయింది. భూమి విషయంలో కూడా బాస్టియన్‌తో పెద్ద గొడవైంది. ఈ అన్నదమ్ములు, ఇలాంటి మరికొందరు దెబ్బతిన్నవాళ్లు, అప్పటికే కృష్ణదేవిపేటలో ఉంటున్న ఒక యువకుడి చుట్టూ చేరారు. ఆయనే అల్లూరి సీతారామరాజు. వయసు పాతికేళ్లు దాటలేదు. మనలో చాలామంది ఆ వయసుకి ఇంకా రెజ్యూమే సరిచేసుకుంటూ ఉంటాం.

ఇక్కడ ఒకసారి ఆగండి. మీరు ఎప్పుడైనా బైకు మీద డౌనూరు దాటి ఘాట్ ఎక్కారనుకోండి. రోడ్డు చుట్టలు చుట్టలుగా పైకి పోతుంది. ఒకవైపు కొండ కోత, ఇంకోవైపు లోయ. మనం అక్కడ ఆగి ఫొటో తీసుకునేది లోయని. ఇంకోసారి వెళ్తే కొండ కోతకేసి చూడండి. ఇప్పుడున్న తారు, రెయిలింగ్, వెడల్పు అన్నీ తర్వాత వచ్చినవే. కానీ ఈ కొండలోకి బండి వెళ్లేలా దారి చేయడానికి మొదట దిగిన గునపాలు, సరైన కూలి అందని చేతుల్లోవి.

మూడు రోజులు, ఇరవై ఆరు తుపాకులు

1922 ఆగస్టు 22. రాజు, ఆయన మనుషులు దాదాపు 300 మంది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. మర్నాడు 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, 2,500కి పైగా తూటాలు చేతికొచ్చాయి. ఏమేం తీసుకెళ్లిందీ స్టేషన్ డైరీలోనే రాసి సంతకం పెట్టి వెళ్లాడట రాజు.

ఈ డైరీ సంగతి స్కూల్లో చదివినప్పుడు హీరో డైలాగులా అనిపించింది. ఇప్పుడు వేరేలా అనిపిస్తోంది. కొండవాళ్ల దగ్గర సర్కారు తీసుకున్నదానికి ఎప్పుడూ లెక్క లేదు. ఎన్ని రోజుల పని, ఎంత కూలి బాకీ, ఎవరూ రాయలేదు. ఇక్కడ మాత్రం, తీసుకున్న ప్రతి తుపాకీకి లెక్క రాశారు.

ఇంకో సంగతి. మూడు స్టేషన్ల మధ్య దూరం మ్యాప్‌లో చూస్తే, ఇప్పుడు బండి మీద తిరిగినా ఒక పూట పడుతుంది. అప్పుడు అదంతా నడక. తుపాకులు, తూటాలు భుజాన వేసుకుని అడవిలో రాత్రిళ్లు నడిచి, మర్నాటికల్లా ఇంకో ఊళ్లో తేలారు. ఏళ్ల తరబడి సర్కారు సామాను మోసిన భుజాలవి. ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ బాట ఎక్కడ తేలుతుందో వాటికి తెలుసు. వెట్టి నేర్పిన దారులే తిరుగుబాటుకి పనికొచ్చాయి.

అక్టోబర్‌కల్లా సర్కారు కూడా పాఠం నేర్చుకుంది. ఆ నెల 15న అడ్డతీగల, 19న రంపచోడవరం స్టేషన్ల మీదికి రాజు దళం వెళ్తే అక్కడ ఆయుధాలు దొరకలేదు. ముందే తరలించేశారు. అప్పటినుంచి యుద్ధం తీరు మారింది. ఎవరు బాగా కాలుస్తారన్నది కాదు, ఎవరి సామాను ఎక్కడుందన్నదే ముఖ్యమైంది.

సైన్యం కడుపుతో నడుస్తుంది

తాతయ్యతో ఇదంతా చెప్తుంటే ఆయనొక మాటన్నాడు. ‘‘లారీ ఎక్కడిదాకా ఎల్తే అక్కడిదాకే సర్కారు. ఆ పైన మనిసే.’’

ముప్పై ఏళ్ల స్టీరింగ్ అనుభవం అది. కానీ ప్రపంచంలో ఏ కొండయుద్ధం చూసినా ఆ మాటే నిజం. ఇటలీ సైన్యాన్నే తీసుకోండి. 1911లో లిబియా మీద యుద్ధానికి వెళ్లినప్పుడు ఫియట్ లారీలు తీసుకెళ్లింది. యుద్ధంలో మోటారు లారీలని గట్టిగా వాడిన మొదటి సైన్యాల్లో అదొకటి. అదే ఇటలీలో, రెండో ప్రపంచయుద్ధంలో ఏమైంది? 1943 తర్వాత మిత్రరాజ్యాల సైన్యాలు అక్కడి అపెనైన్ కొండల్లోకి వెళ్లేసరికి లారీలు బురదలో, మలుపుల్లో ఆగిపోయాయి. అప్పుడు కంచరగాడిదలు దిగాయి. ఇటాలియన్ సైనికులతోనే ‘సాల్మెరియే’ అనే కంచరగాడిదల దళాలు పెట్టారు. తిండి, మందుగుండు పైకి, గాయపడినవాళ్లు కిందికి. మన ఇండియా నుంచి వెళ్లిన కంచరగాడిదల కంపెనీలు కూడా ఆ కొండల్లోనే పనిచేశాయి. గాడిద కూడా ఎక్కలేని చోట? మనిషి నెత్తే.

అంటే ప్రతి కొండకీ ఒక నిచ్చెన ఉంటుంది. రైలు, లారీ, బండి, గాడిద, చివరికి మనిషి. నిచ్చెనలో పైకెళ్లేకొద్దీ కూలి తగ్గుతుంది, బరువు మాత్రం తగ్గదు. పైగా యుద్ధం అయ్యాక విగ్రహం తుపాకీ పట్టుకున్నవాడికే పెడతారు. మూట మోసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

నర్సీపట్నం ఆ నిచ్చెనలో మధ్య మెట్టు. తిరుగుబాటుని అణచడానికి వచ్చిన పోలీసు బలగాలకి మా ఊరు పెద్ద స్థావరమైంది. 1922 సెప్టెంబర్ 24న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు బలగంతో వెళ్తుంటే దామనపల్లి ఘాట్‌లో రాజు దళం మాటువేసింది. ముందు నడుస్తున్న భారతీయ పోలీసుల్ని పోనిచ్చి, వెనకాల వచ్చిన తెల్ల అధికారుల్ని కాల్చారు. ఇద్దరూ చనిపోయారు. ఇరుకు బాటలో వరసగా నడిచే బలగానికి ఉండే బలహీనత అది. ముందున్నవాడు వెనక్కి రాలేడు, వెనకున్నవాడు ముందుకి పోలేడు.

ఆ ఇద్దరి సమాధులు మా నర్సీపట్నంలోనే ఉన్నాయి. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన నేను ఇరవై ఏడేళ్లలో ఒక్కసారీ చూడలేదు. ఈసారి వెళ్లాను. ఎక్కడో ఇంగ్లండ్‌లో పుట్టి, దామనపల్లిలో చచ్చి, నర్సీపట్నంలో మట్టైపోయారు. కోపం రాలేదు. జాలీ పూర్తిగా రాలేదు. నిలబడి ఒక ఆలోచన మాత్రం చేశాను. వీళ్లని ఆ కొండ మీంచి ఇక్కడిదాకా తెచ్చింది కూడా ఎవరో మోసే కదా. ఆ మోసినవాళ్ల పేర్లు ఏ రాయి మీదా లేవు.

తిండి ఎవరు పెడతారు

రాజు దళానికి రైలు లేదు, లారీ లేదు. వాళ్లకి ఉన్నది ఊళ్లు. ఏ గూడేనికి వెళ్లినా ఇంత గంజి, ఇంత సామ అన్నం దొరికేది. అంతకన్నా ముఖ్యంగా కబురు దొరికేది. పోలీసులు ఎక్కడిదాకా వచ్చారు, ఎంతమంది, ఎన్ని మూటలు. సర్కారు సామాను మోసేవాడే సర్కారు కబురు కూడా మోయగలడు. అందుకే బయటి బలగానికి మొదట్లో ఏదీ అంతుచిక్కలేదు. దానికితోడు మన్యం జ్వరం. మైదానం నుంచి వచ్చినవాళ్లని మలేరియా పడుకోబెట్టేసేది.

అప్పుడు సర్కారు కొండలు అలవాటున్నవాళ్లని తెచ్చింది. మొదట మలబార్ స్పెషల్ పోలీస్. కేరళలో మాప్పిళ్ల తిరుగుబాటు కాలంలో, 1921లో పుట్టిన దళం అది. 1922 డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెం దగ్గర రాజు దళానికి పెద్ద దెబ్బే తగిలింది. 1924 మొదట్లో అస్సాం రైఫిల్స్ దిగింది. రాజు తలకి పదివేల రూపాయలు వెల కట్టారు. ఆ రోజుల్లో పదివేలంటే ఊళ్లకి ఊళ్లు కొనేయొచ్చు. ఇలా రెండేళ్లలో నలభై లక్షల దాకా ఖర్చు పెట్టారని చరిత్ర పుస్తకాలు చెబుతాయి.

ఆ అంకె చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత కడుపులో ఏదో తిరిగింది. రోడ్డు కూలీలకి ఇవ్వాల్సిన అణాలు మిగుల్చుకోబోయి నలభై లక్షలు వదిలించుకున్నారు. మేం వంద మిగుల్చుకుని టీలు తాగాం.

బలగాలు పెరిగేకొద్దీ ఊళ్ల మీద ఒత్తిడి పెరిగింది. తిండి పెట్టినవాడికి దెబ్బలు, ఆశ్రయం ఇచ్చినవాడికి జైలు. 1923 సెప్టెంబర్‌లో మల్లుదొర దొరికిపోయాడు. 1924 మే 7న రాజుని మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చి చంపారు. విచారణ లేదు, కోర్టు లేదు. మృతదేహాన్ని కృష్ణదేవిపేటకి తీసుకొచ్చారు. జూన్‌లో గంటందొర కూడా పోయాడు. మల్లుదొర మాత్రం అండమాన్ జైలు చూసి, బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి ఎంపీగా లోక్‌సభకి వెళ్లాడు. ఈ ఒక్క ముక్క మీద ఎవరైనా వెబ్ సిరీస్ తీస్తే బావుణ్ను.

కృష్ణదేవిపేటని మా వైపు కేడీపేట అంటారు. గొలుగొండ మండలం. రాజు సమాధి, గంటందొర సమాధి రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి. లంబసింగి వెళ్లే పదిమందిలో ఒక్కరు కూడా అక్కడ ఆగరు. నేను ఆగాను. మధ్యాహ్నం ఎండ, చెట్ల నీడ, ఎవరో పిల్లలు గచ్చు మీద గోళీలు ఆడుతున్నారు. సెల్ఫీ తీసుకుందామని ఫోన్ తీసి, ఎందుకో మళ్లీ జేబులో పెట్టేశాను.

మళ్లీ చెరువులవేనం

కేడీపేట నుంచి బండి తిప్పి సాయంత్రానికి ఘాట్ ఎక్కాను. ఈసారి ఒక్కణ్నే. లంబసింగికి ఇంకో పేరు కొర్రబయలు. ఆ చలికి ఆరుబయట పడుకుంటే పొద్దున్నకి కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరు. రాత్రి ఒక హోమ్‌స్టేలో పడుకుని, తెల్లారకుండానే చెరువులవేనం కింద ఆ చలిమంట దగ్గరికి వెళ్లాను.

పెద్దాయన అక్కడే ఉన్నాడు. అదే తలపాగా.

‘‘తాతా, పోయిన డిసెంబర్‌లో మా సామాను మోశావు, గుర్తుందా? నలుగురం వచ్చాం నాతో. పెద్ద గిన్నె ఉంది.’’

నాకేసి చూశాడు. ‘‘మా మంది వస్తారు బాబూ. గుర్తు లేదు.’’

‘‘మూడొందలు అడిగావు. మేం రెండొందలే ఇచ్చాం.’’

ఆయన నవ్వాడు. పళ్లు కొన్నే ఉన్నాయి. ‘‘అయితే ఎలా గుర్తుంటాది? మూడొందలు ఇచ్చినోడైతే గుర్తుంటాడు.’’

ఏం మాట్లాడాలో తెలీలేదు. వంద నోటు తీసి ఇవ్వబోయాను. తీసుకోలేదు. ‘‘పని లేకుండా డబ్బులెందుకు బాబూ. ఇవాళ మూట ఏటైనా ఉందా?’’ అన్నాడు.

నా దగ్గర ఒక్క బ్యాగే ఉంది. అదీ వీపునే ఉంది. లేదన్నాను. అయితే కూచో, మంట కాచుకో అన్నాడు. కూచున్నాను. ఆయన మాట్లాడుతూ పోయాడు. వాళ్ల గూడెం ఇక్కణ్నుంచి కొండ వెనకాల ఉందట. సగం దాకా సిమెంటు రోడ్డు వచ్చింది. మిగతా సగం రాలేదు. మొన్న వానల్లో కోడలికి నొప్పులొస్తే డోలీ కట్టి మోసుకొచ్చారట. రోడ్డు మొదలయ్యే దగ్గర 108 వచ్చి ఆగింది. తల్లీ బిడ్డా బాగున్నారు. ‘‘అప్పుడు మోసినోళ్లం ఆరుగురం. ఎవడూ కూలి అడగలేదు’’ అన్నాడు నవ్వుతూ.

డోలీ మోతల వార్తలు మనం పేపర్లో చూస్తూనే ఉంటాం. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసి మర్చిపోతాం. వందేళ్ల కిందట ఈ కొండవాళ్ల చేత రోడ్డు వేయించారు. ఆ రోడ్డు వాళ్ల కోసం కాదు. దొరల కోసం, దొరల కలప కోసం, దొరల తుపాకుల కోసం. ఇప్పుడు వాళ్లే తమ గూడేనికి ఇంకో సగం రోడ్డు కావాలని అర్జీలు పెట్టుకుంటున్నారు. కొండ మీద రోడ్డు మంచిదా చెడ్డదా అని అడిగితే సమాధానం దొరకదు. అది ఎవరి సామాను కోసం వేశారు, వేసినవాడికి కూలి ఇచ్చారా అని అడగాలి.

సూర్యుడు వచ్చే వేళకి విశాఖ నుంచి వచ్చిన ఓ గుంపు కనిపించింది. టెంట్లు, క్యాన్లు, స్పీకరు. పెద్దాయన లేచాడు. మూడొందలన్నాడు. వాళ్లలో ఒకడు ‘‘రెండొందలు’’ అన్నాడు. అచ్చం మావాడి గొంతే.

నేను కల్పించుకున్నాను. ‘‘బ్రదర్, మూడొందలే ఇవ్వండి. ఇక్కడ కూలి తగ్గిస్తే ఏమవుతుందో పైకెళ్లాక చెప్తాను. పెద్ద కథ.’’

వాళ్లు నన్నో పిచ్చోణ్ని చూసినట్టు చూశారు. కానీ మూడొందలకి ఒప్పుకున్నారు. పెద్దాయన తలపాగా చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. నేనొక క్యాను అందుకున్నాను. ఇరవై లీటర్లు. పది నిమిషాలకే నా భుజం పోయింది. రెండుసార్లు కింద పెట్టాను. ఆయన ఒక్కసారీ ఆగలేదు.

పైకెళ్లాక మబ్బులు ఎప్పట్లాగే కాళ్ల కింద ఉన్నాయి. కథ చెప్పాను. సగం మంది విన్నారు, సగం మంది డ్రోన్ ఎగరేశారు.

మీరు వెళ్తే

నవంబర్ నుంచి జనవరి దాకా చలి బాగుంటుంది. విశాఖ నుంచి గానీ తుని నుంచి గానీ నర్సీపట్నం చేరుకోండి. రైలులో ‘నర్సీపట్నం రోడ్’లో దిగితే ఊరికి ఇంకా బండెక్కాలని గుర్తుంచుకోండి. మా ఊరి నుంచి లంబసింగి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. తెల్లవారుజామున ఘాట్‌లో పొగమంచు ఉంటుంది కాబట్టి నెమ్మదిగా వెళ్లండి. లారీ ఎదురొస్తే దానికే దారివ్వండి, పైకెక్కేవాడికి మొదటి హక్కు అని మా తాతయ్య రూలు. తిరుగుదారిలో కేడీపేట వైపు బండి తిప్పండి, ఒక పూట చాలు.

సామాను ఎక్కువైతే మోసేవాళ్లు దొరుకుతారు. అడిగినంతా ఇవ్వండి.

ఇంటికొచ్చాక తాతయ్యకి అంతా చెప్పాను. క్యాను సంగతి చెప్పినప్పుడు మాత్రం నవ్వాడు. ‘‘ఎన్నిసార్లు దింపావురా?’’ అన్నాడు.

‘‘రెండు’’ అన్నాను.

‘‘అబద్ధం’’ అన్నాడు.

నిజమే. నాలుగుసార్లు.